క్లోమము తన్ను తాను బాగుచేసికొను విధము

కొడవలి తగిలి వ్రేలు తెగినచో ఆ గాయము మానుచున్నదో లేదో మనము కన్నులతో చూచి తెలిసికొందుము. రక్తము గడ్డకట్టును, పైన పొక్కు కట్టును, పొక్కు రాలి క్రొత్త చర్మము వచ్చును, గాయము లోతైనదైనచో మచ్చ మిగులును. చేను కోయు రైతునకు గాని, కట్టెలు కొట్టు కూలివానికి గాని ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. కాని కడుపులో మిక్కిలి లోపల, ఎవరి కంటికిని కనబడక పడియుండు అవయవమొకటి గాయపడినచో అది ఎట్లు మానును? మానినదని మనకెట్లు తెలియును?

ఆ అవయవమే క్లోమము. దానికి వచ్చు వాపు మనుష్యుని ఒక్క దినములో మంచము పట్టించును. అదృష్టవశమున పెక్కుమందికి వారము దినములలో నొప్పి తగ్గును. నొప్పి తగ్గగానే రోగము పోయినదని తలచి వెనుకటి అలవాట్లకు మరలువారు మన గ్రామములలో పెక్కురు. నొప్పి తగ్గుట వేరు, గాయము మానుట వేరు. వ్రేలి విషయములో ఈ భేదము మన మెరుగుదుము. క్లోమము విషయములో ఎరుగము. కావున క్లోమము ఎట్లు గాయపడును, తన్ను తాను ఎట్లు బాగుచేసికొనును, ఆ పనికి మనము చేయదగిన సాయమేమి, చేయరాని అపకారమేమి అను విషయములను ఈ వ్యాసములో వరుసగా తెలుపుదుము.

క్లోమము చేయు పనులు

క్లోమము జీర్ణాశయము వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగా పండుకొనియుండును. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. పెద్దవారిలో దాని బరువు 80 మొదలు 100 గ్రాములవరకు నుండును. చిన్నప్రేగులో మొదటి భాగమైన ఆంత్రమూలము దాని తలను కొడవలి వంపుతో చుట్టుకొనియుండును. తోక ఎడమప్రక్కన ప్లీహమువరకు పోవును.

ఇంత చిన్న అవయవము రెండు వేరు వేరు పనులు చేయును. మొదటిది జీర్ణరసమును తయారుచేయుట. క్లోమములో అధికభాగము ద్రాక్షగుత్తులవలె అమరియుండు రసకణములే. ఇవి దినమునకు 1 లీటరు మొదలు ఒకటిన్నర లీటరువరకు రసమును సన్నని నాళములద్వారా ప్రేగులోనికి పంపును. మనము తిన్న అన్నములోని పిండిని ఎమైలేసు, పప్పులోని మాంసకృత్తులను ట్రిప్సిను, నూనెలోని క్రొవ్వును లైపేసు అను ఎంజైములు విడగొట్టి, ఒంటికి పట్టునట్లు చేయును. ఈ రసము లేనిచో ఎంత తిన్నను తిండి ఒంటబట్టదు.

రెండవ పని రక్తములోని చక్కెరను అదుపులో నుంచుట. 1869లో బెర్లినునగరమున పౌల్ లాంగర్‌హాన్స్ అను వైద్యవిద్యార్థి సూక్ష్మదర్శినితో క్లోమమును పరీక్షించి, రసకణముల నడుమ దీవులవలె చెదరియున్న వేరొక జాతి కణసమూహములను వర్ణించెను. అవి ఏమి చేయునో ఆయనకు తెలియదు. 1921లో కెనడాలోని టొరంటోనగరమున ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనువారు క్లోమమునుండి ఇన్సులినును తీసి చూపిరి. 1922 జనవరిలో మధుమేహముతో క్షీణించుచున్న ఒక బాలునకు దానిని తొలిసారి ఇచ్చిరి. ఇన్సులిను పుట్టునది ఈ దీవులలోనే. ఇవి లెక్కకు సుమారు పది లక్షలున్నను మొత్తము క్లోమములో వీని భాగము నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే.

రసకణములు, దీవుల కణములు అను ఈ రెండు జాతుల భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. గాయము మానుటలో ఈ రెండింటి నడవడియు ఒక్కటి కాదు.

తన రసము తన్నే తినుట

మాంసమును సయితము కరగించు రసము క్లోమమునే ఏల కరగింపదు? ఒరలోనున్న కత్తి పట్టుకొన్నవాని చేతిని కోయదు. క్లోమము తన ఎంజైములలో ప్రమాదకరమైనవానిని ఇట్లే ఒరలో పెట్టి బయటికి పంపును. ట్రిప్సిను క్లోమములో నున్నంతసేపు ట్రిప్సినోజెను అను నిద్రాణరూపములో నుండును. ఆంత్రమూలమునకు చేరినతరువాతనే అచ్చటి మరియొక ఎంజైము దాని ఒర తీయును. మేలుకొన్న ట్రిప్సిను తక్కిన ఎంజైములను మేలుకొలుపును. పొరపాటున క్లోమములోనే కొద్ది ట్రిప్సిను మేలుకొన్నచో దానిని పట్టి బంధించుటకు కావలి పదార్థమొకటి రసకణములలోనే సిద్ధముగా నుండును.

దెబ్బ పెద్దదైనపుడు ఈ కావలి చాలదు. కత్తి ఒరలోనే దూసికొనును. కణము తన్ను తాను తినివేసికొనును, ప్రక్కకణములను తినును, చుట్టునున్న క్రొవ్వును కరగించును. క్లోమము తన్ను తానే జీర్ణము చేసికొనుచున్నదను మాటను 1896లోనే హాన్స్ కియారీ అను ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు చెప్పియుండెను. దీనినే వైద్యులు క్లోమశోథ మందురు. అనగా క్లోమపు వాపు.

ఇందుకు ముఖ్యకారణములు రెండు. ఒకటి, పిత్తాశయమున పుట్టిన చిన్న రాయి జారి వచ్చి, పైత్యరసమును క్లోమరసమును ప్రేగులోనికి వచ్చు ద్వారమున అడ్డుపడుట. రెండవది మద్యము. ఇవికాక రక్తములో ట్రైగ్లిసరైడ్లు అను క్రొవ్వులు డెసిలీటరునకు 1000 మిల్లీగ్రాములను మించుట, కొన్ని మందులు పడకపోవుట, పొట్టకు బలమైన దెబ్బ తగులుట కూడ కారణములే. సైకిలుమీదనుండి పడిన పిల్లలకు హేండిలు కొన పొట్టలో గుచ్చుకొన్నచో వెన్నెముకకును హేండిలునకును నడుమ క్లోమము నలిగిపోవును. పైకి కమిలిన గుర్తు మాత్రమే కనబడవచ్చును. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందులు ఒంటిలోనికి పోయినపుడును క్లోమము వాచుట కలదు. ముక్కు మూతి కప్పుకొనక మందు చల్లు రైతులు ఈ సంగతిని మరువరాదు.

మరమ్మతు ఎట్లు జరుగును

వర్షాకాలమున ఊరి చెరువునకు గండిపడినదనుకొందము. కమ్మరి కొలిమి ఆర్పును. కుమ్మరి సారె నిలుపును. నేతపనివాడు మగ్గమునుండి లేచును. ఎవరి పనిముట్లు వారు ప్రక్కన బెట్టి, తట్టయు పారయు పట్టి గండి పూడ్చుటకు పోవుదురు. ఆ నాలుగు దినములు ఊరిలో కుండ లేదు, బట్ట లేదు. గండి పూడినతరువాత ఎవరి పనికి వారు మరలుదురు. క్లోమములో జరుగు మరమ్మతు ఇంచుమించు ఇట్టిదే.

మొదట శిథిలములను తీసివేయవలెను. వాపు మొదలైన కొన్ని గంటలలోనే రక్తమునుండి తెల్లకణములు క్లోమములోనికి వచ్చును. వీనిలో భక్షక కణములు అనునవి చచ్చిన కణములను మ్రింగి స్థలమును శుభ్రపరచును. ఈ తెల్లకణములే మొదట మంటను పెంచును. పిదప వానిలో కొన్ని నడవడి మార్చుకొని మంటను చల్లార్చి, మరమ్మతునకు పిలుపునిచ్చును. వాపు అనునది కేవలము శత్రువు కాదు. మితములో నున్నంతవరకు అది మరమ్మతునకు తొలిమెట్టు.

రెండవ దశలో, బ్రతికి మిగిలిన రసకణములు తమ వృత్తిని విడిచిపెట్టును. ఎంజైములను తయారుచేయుట మానును. ఆకారము మార్చుకొని నాళములలోని కణములవలె కనబడును. శిశువు తల్లికడుపులో నుండగా క్లోమము ఏర్పడునపుడు పనిచేసి, పిదప నిద్రించిన జన్యువులు కొన్ని ఈ కణములలో మరల మేలుకొనును. పెరిగి పెద్దదైన కణము కొంతవరకు మరల బాల్యమునకు పోయినట్లగును. ఇందువలన లాభములు రెండు. ప్రమాదకరమైన ఎంజైములు ఆ సమయమున తయారుకావు. గాయము మరింత పెరుగదు. పైగా, తన వృత్తిలో మునిగియున్న కణము సులభముగా విభజన చెందదు. వృత్తి విడిచిన కణము చెందగలదు.

మూడవ దశలో ఈ కణములు ఒకటి రెండై, రెండు నాలుగై, చచ్చినవాని స్థానమును నింపును. నాలుగవ దశలో అవి మరల తమ పూర్వరూపమును దాల్చి ఎంజైములను తయారుచేయ నారంభించును. కుమ్మరి మరల సారెముందు కూర్చుండెను.

ఇంతలో మరియొక జాతి పనివారు కూడ పాల్గొందురు. క్లోమములో నక్షత్రాకార కణములు అనునవి గలవు. సాధారణముగా ఇవి విటమిన్ ఏ కల క్రొవ్వుబొట్లను దాచుకొని ఊరకయుండును. వీనిని క్లోమమునుండి వేరుచేసి పెంచు విధానమును 1998లో ఆస్ట్రేలియా, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. గాయమైనపుడు ఇవి మేలుకొని నారపదార్థమును నేయును. ఇల్లు కట్టునపుడు సారువ కట్టినట్లు ఈ నార కూలిన భాగమును నిలిపి పట్టును. గోడ లేచినపిదప సారువ విప్పివేయుదురు గదా, అట్లే క్లోమము కుదుటపడగానే ఈ కణములలో కొన్ని చచ్చును, కొన్ని మరల నిద్రించును, నార కరగిపోవును.

ఈ సంగతులు ఎట్లు తెలిసినవి?

బ్రతికియున్న మనుష్యుని క్లోమమును దినదినము కోసి చూచుటకు వీలులేదు. కావున ఈ జ్ఞానములో అధికభాగము ఎలుకలనుండి లభించినది. దానికి మూలము ఒక కప్ప. ఆస్ట్రేలియా దేశపు పచ్చని చెట్టుకప్ప చర్మమునుండి 1960 దశకమున ఇటలీ దేశీయుడైన విట్టోరియో ఎర్‌స్పమెర్, ఆయన సహచరులు సెరులీన్ అను పదార్థమును వేరుచేసిరి. మనము భోజనము చేయగానే ప్రేగులో పుట్టి, రసము విడువుమని క్లోమమును ప్రేరేపించు ఒక హార్మోను కలదు. కప్ప చర్మములోని పదార్థము దానిని పోలియుండెను. దీనిని ఎలుకలకు మితిమీరి ఇచ్చినచో కొన్ని గంటలలోనే క్లోమము వాచునని 1977లో వెల్లడియైనది. ఆ పదార్థము నిలిపివేసినచో చిట్టెలుక క్లోమము సుమారు వారము దినములలో పూర్వస్థితికి వచ్చుచుండెను. గాయమును కోరినపుడు కలిగించి, మానుటను దశలవారీగా పరిశీలించుటకు శాస్త్రజ్ఞులకు ఇట్లు ఒక మార్గము దొరికినది.

క్రొత్తగా వచ్చిన రసకణములు ఎక్కడనుండి పుట్టినవను ప్రశ్న చాలకాలము తేలలేదు. చిట్టెలుకల కణములకు తరతరములకును చెరగని గుర్తు పెట్టు విధానము వచ్చిన తరువాత, ఇట్టి వాపునకు పిదప వచ్చు రసకణములు బ్రతికి మిగిలిన పాత రసకణముల సంతానమే యని 2007లో తేలినది. ఎక్కడనుండియో కూలీలు వచ్చి గండి పూడ్చుట లేదు. ఆ ఊరివారే పూడ్చుచున్నారు. మనుష్యుల రసకణములును ఇట్లు రూపము మార్చుకొనగలవని గాజుపాత్రలలో పెంచి చూచినపుడు తెలిసినది.

ఇందులోనుండి మనము గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. గండి పూడ్చువారు ఊరివారే యైనపుడు, ఊరిలో ఎందరు మిగిలిరను దానిమీదనే పని ఆధారపడియుండును.

మరమ్మతునకు గల హద్దులు

కాలేయములో కొంత కోసి తీసివేసినను మిగిలిన భాగము పెరిగి లోటు తీర్చును. క్లోమమునకు పెద్దవారిలో అట్టి శక్తి లేదు. జబ్బువలన సగము క్లోమమును తీసివేయవలసి వచ్చినవారిని పరీక్షింపగా, మిగిలిన సగము పెరుగలేదని తెలిసినది. లోపలి అమరిక నిలిచియుండి, కణములు కొన్ని మాత్రమే చచ్చినచో క్లోమము బాగుపడును. అమరికయే కూలినచో ఆ భాగము తిరిగి రాదు.

క్లోమశోథము వచ్చినవారిలో నూటికి సుమారు 80 మందికి వాపు స్వల్పముగా నుండి వారము దినములలో కుదుటపడును. తక్కినవారిలో క్లోమము కొంత చచ్చుటయో, ఊపిరితిత్తులు, మూత్రపిండములు మున్నగు ఇతర అవయవములు దెబ్బతినుటయో సంభవించును. చచ్చిన భాగము చుట్టు శరీరము సుమారు 4 వారములలో ఒక గోడ కట్టును. అది శత్రువును చుట్టుముట్టి బంధించుటవంటిది. కోల్పోయిన భూమిని తిరిగి సంపాదించుట కాదు.

దీవుల విషయము మరింత జాగ్రత్తగా గమనింపవలెను. ఇన్సులినును తయారుచేయు కణములు జన్మించిన తరువాత మొదటి కొన్ని ఏండ్లలో బాగుగా వృద్ధిచెందును. పెద్దవారిలో మిక్కిలి అరుదుగా విభజన చెందును. చిట్టెలుకలలోను ఇవి తమంతట తాము రెండగుటవలననే పెరుగునని 2004లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన తెలిపినది. అందుచే రసకణముల గాయము మానినను దీవుల నష్టము మిగిలిపోవచ్చును. మొదటిసారి క్లోమశోథము వచ్చి తగ్గినవారిలో సుమారు 15 శాతము మందికి సంవత్సరములోపల క్రొత్తగా మధుమేహము కనబడినదని 2014లో ప్రకటింపబడిన సమీక్ష తెలిపినది. వీరిలో స్వల్పమైన వాపు వచ్చినవారును గలరు. నొప్పి పోయినది గదా యని రక్తపరీక్ష మానుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి తెలియగలదు.

మరల మరల దెబ్బ తగిలినచో

గండి పూడకముందే మరల వరద వచ్చినచో ఏమగును? పనివారు వృత్తికి మరలుటకు వీలు చిక్కదు. సారువ విప్పుటకు వ్యవధి యుండదు. సారువమీద సారువ కట్టవలసి వచ్చును. క్లోమములో నక్షత్రాకార కణములు ఎడతెగక నార నేయుచుండును. మెత్తని క్లోమము క్రమముగా గట్టిపడి, రసకణములున్న చోట నార నిండును. నాళములు ఇరుకై, వానిలో సున్నపు రాళ్లు పేరుకొనును. దీనిని దీర్ఘకాలిక క్లోమశోథ మందురు. ఈ స్థితికి వచ్చిన క్లోమమును పూర్వస్థితికి తెచ్చు మందు నేటివరకు లేదు.

అపుడు మనుష్యునకు కడుపునొప్పి నిత్యమగును. క్రొవ్వు జీర్ణముకాక మలము జిడ్డుగా, దుర్వాసనతో, నీటిపై తేలుచు వచ్చును. తిన్నది ఒంటబట్టక శరీరము చిక్కిపోవును. దీవులును నశించి మధుమేహము వచ్చును. వృత్తి విడిచిన రసకణములు ఆ మధ్యస్థితిలోనే చిక్కుకొని, వానిలో కె-రాస్ అను జన్యువు చెడినచో, క్యాన్సరునకు దారితీయు ప్రమాదమును కలదు.

2015లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో అనేక పరిశోధనల ఫలితములను కూర్చి చూచిరి. మొదటిసారి క్లోమశోథము వచ్చినవారిలో నూటికి సుమారు 10 మందికి తరువాత దీర్ఘకాలిక వ్యాధి వచ్చెను. మరల మరల వచ్చినవారిలోనో, నూటికి సుమారు 36 మందికి. ఈ రెండు అంకెల నడుమనున్న దూరమే ఈ వ్యాసమునకు సారాంశము. మొదటి గాయమును మాన్పుకొను శక్తి క్లోమమునకు కలదు. రెండవ గాయము రాకుండ చూచుకొనుట మన పని.

త్రాగుడు లేకున్నను కొందరు యువకులకు ఈ దీర్ఘకాలిక వ్యాధి వచ్చును. మన దేశములో కేరళ రాష్ట్రమున ఇట్టి రోగులు ఎక్కువగా కనబడగా, డాక్టరు పి. జె. గీవర్గీసు 1960 దశకమున విశేషముగా పరిశీలించి వ్రాసెను. ఇట్టి రోగులలో పలువురికి, పైన చెప్పిన కావలి పదార్థమును తయారుచేయు స్పింక్-1 అను జన్యువులో దోషము కలదని హైదరాబాదులోని సిసిఎంబి శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2002లో తెలిపినది. కావలివాడు బలహీనుడైన యింట కత్తి ఊరక దూసికొనుచుండును. కావున క్లోమరోగము వచ్చిన ప్రతివానిని త్రాగుబోతని నిందించుట అన్యాయము. చిన్నవయస్సులో కడుపునొప్పియు, చిక్కిపోవుటయు, మధుమేహమును కలిసి కనబడినచో పెద్దాసుపత్రిలో చూపింపవలెను.

వైద్యులు చేయునది

క్లోమమును బాగుచేయు మందు ఏదియు లేదు, బాగుచేసికొనునది క్లోమమే. దానికి వ్యవధి దొరకునట్లు మనుష్యుని కాపాడుట వైద్యుని పని. నరమునకు ద్రవము ఎక్కించుట, నొప్పి తగ్గించుట, ఊపిరి, మూత్రము మున్నగువానిని కనిపెట్టుచుండుట ఇందులో ముఖ్యము. ద్రవమైనను మితిమీరరాదని 2022లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

పూర్వము క్లోమమునకు విశ్రాంతి యని రోగిని దినములకొలది పస్తుంచెడివారు. ఇపుడు ఆ పద్ధతి మారినది. వాంతులు తగ్గి, రోగి తినగలిగినచో మొదటి దినముననే తేలికయైన ఆహార మిచ్చుట మేలని తేలినది. ప్రేగునకు తిండి అందనిచో దాని లోపొర బలహీనపడి, అచ్చటి సూక్ష్మక్రిములు దాటిపోయి చచ్చిన క్లోమభాగమున చేరుటకు అవకాశము కలుగును.

చచ్చిన భాగమున చీము పట్టినను వెంటనే కడుపు కోయుట ఉత్తమము కాదు. ముందు సన్నని గొట్టముద్వారా చీము తీసి, అవసరమైనపుడే తరువాతి మెట్టునకు పోవుట మేలని 2010లో నెదర్లాండ్సు దేశమున జరిగిన పరిశోధన చూపినది. శరీరము గోడ కట్టువరకు వేచియుండుటకు వైద్యులు ప్రయత్నింతురు. రోగి బంధువులు దీనిని అశ్రద్ధగా భావింపరాదు. కారణము పిత్తాశయపు రాయి యైనచో, స్వల్పమైన వాపు తగ్గగానే ఇంటికి పోకముందే పిత్తాశయమును తీయించుకొనుట మంచిది. పంటకోతలు కానిమ్మని వాయిదా వేసినచో, ఆ లోపలనే మరియొక రాయి జారవచ్చును.

గ్రామములలో మనము చేయవలసినది

పొట్ట పైభాగమున హఠాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టి, వీపులోనికి దూసికొనిపోవుచు, వాంతులు విడువక యుండి, ముందునకు వంగి కూర్చుండినపుడు కొంత తగ్గినట్లు తోచినచో అది గాలినొప్పి యని సోడాలు త్రాగించుచు కాలము గడపరాదు. పొట్టపై వాతలు పెట్టింపరాదు. వెంటనే 108 వాహనమును పిలిచి, రక్తపరీక్షయు స్కానింగును గల ఆసుపత్రికి చేర్పవలెను. రక్తములో లైపేసు గాని ఎమైలేసు గాని మామూలు గరిష్ఠ పరిమాణమునకు మూడు రెట్లు మించినచో వైద్యులు రోగమును సులభముగా గుర్తింతురు. కన్నులు పచ్చబడినను, ఊపిరి కష్టమైనను, మూత్రము తగ్గినను క్షణమైన ఆలస్యము పనికిరాదు.

ఆసుపత్రినుండి వచ్చినవారు మొట్టమొదట చేయవలసినది మద్యమును పూర్తిగా విడుచుట. కల్లయినను, సారాయైనను, బ్రాందీయైనను మద్యము మద్యమే. పండుగనాడు కొంచెమే యనుట క్లోమమునకు తెలియదు. బీడీ, సిగరెట్టు, చుట్టలను కూడ మానవలెను. పొగాకు తనంతట తానే క్లోమమును గట్టిపరచు కారణములలో నొకటి. మలము జిడ్డుగా వచ్చుచున్నచో వైద్యునకు తప్పక చెప్పవలెను; పంది క్లోమమునుండి తీసిన ఎంజైముల గుళికలను భోజనముతోపాటు వాడుటవలన తిండి ఒంటబట్టును. రక్తములో చక్కెరను కొన్ని నెలల కొకసారి, పిదప ఏటేట పరీక్షింపించుకొనవలెను.

త్రాగుడు మానుట చెప్పినంత సులభము కాదని మేమెరుగుదుము. రోగిని దూషించుటవలన గాని, ఒక్కసారి ఉపదేశించి ఊరకుండుటవలన గాని అది జరుగదు. ఫిన్లాండు దేశమున మద్యమువలన తొలిసారి క్లోమశోథము వచ్చిన 120 మందిపై జరిగిన పరిశోధన 2009లో వెలువడినది. అందరికిని ఆసుపత్రిలో ఒకసారి హితము చెప్పిరి. వారిలో సగముమందిని మాత్రము ప్రతి ఆరునెలలకును పిలిపించి, నర్సులు ఓర్పుతో మరల మాటలాడిరి. రెండేండ్లలో రెండవ వర్గమువారికి వ్యాధి తిరిగి వచ్చుట స్పష్టముగా తక్కువయ్యెను. ఇందులో ఖరీదైన మందేదియు లేదు. కావలసినది మరల మరల పలుకరించు మనుష్యుడు మాత్రమే. ఆ పని మన గ్రామములో ఆశా కార్యకర్త చేయవచ్చును, ఏ.ఎన్.ఎం. చేయవచ్చును, తోడబుట్టినవారు చేయవచ్చును. మద్యము మానగోరువారికి 14446 అను జాతీయ ఉచిత దూరవాణి సంఖ్య కలదు. ఏండ్లకొలది ప్రతిదినము త్రాగినవారు వైద్యుని సలహాతో మానుట క్షేమము. ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ రావచ్చును.

ఇంటివారికిని ఒక బాధ్యత కలదు. వారము దినములకు లేచి తిరుగుచున్నాడని రోగిని వెంటనే బరువు పనులకు పంపరాదు. నొప్పి నిలిచినను కొందరిలో జీర్ణరసము పూర్తిగా ఊరుటకు నెలలు పట్టును. ఆ నెలలలో లోపల గండి పూడ్చుచున్న పనివారు మన కంటికి కనబడరు. వారి చప్పుడు మనకు వినబడదు. అయినను పని సాగుచునే యుండును. క్రొత్త కట్టపై మరల వరద రాకుండ చూచినచో, ఆ చిన్న అవయవము తనకు చేతనైనంతవరకు తన్ను తాను నిలువబెట్టుకొని, ఆ యింటి యజమానిని మరల పొలమునకు, ఆ యింటి ఇల్లాలిని మరల తన పిల్లల నడుమకు పంపగలదు.